మూకుడు దాటిన పిల్ల

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం మా వీధి చివరింటి కుర్రాడు చెప్పుల డబ్బా గుండెకి హత్తుకుని మా డాబా మెట్లెక్కి వచ్చాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. అంతకు ఆరు నెలల ముందు నా దగ్గరే ఒక జత లక్కా పావురాలు తీసుకెళ్ళాడు. డబ్బా నా ముందు పెట్టి మూత తీశాడు. “బాబాయ్, వాళ్ళ నాన్నే పొడిచేశాడు” అన్నాడు. అంతకు మించి గొంతు పెగల్లేదు.

లోపల పందొమ్మిది రోజుల పిల్ల. ఈకల సందుల్లో పసుపురంగు నూగు ఇంకా పూర్తిగా రాలలేదు. నడినెత్తి నుంచి మెడ దాకా తోలు ఊడిపోయింది. ఎండిన నెత్తురు మధ్య తెల్లగా పుర్రె కనబడుతోంది. కళ్ళు మాత్రం బాగున్నాయి. నేను వేలు దగ్గరికి తీసుకెళ్తే ముక్కు తెరిచి, రెక్కలు ఆడించి కీచుమని అడిగింది. అంత దెబ్బ తిన్నది ఇంకా మేత అడుగుతోంది. ఆ అరుపు విన్నాక ఇది బతుకుతుందని నాకు నమ్మకం కుదిరింది.

ఒంగోల్లో ముప్పై ఏళ్ళుగా పావురాలు పెంచి అమ్మడమే నా బతుకుతెరువు. మొదట్లో లక్కాలూ షిరాజీలూ, తర్వాత చెన్నై పందేల వాళ్ళ దగ్గర తెచ్చిన హోమర్లూ. ఇప్పుడు నలభై జతలున్నాయి. ఈ దెబ్బ నాకు కొత్త కాదు. కొత్తగా పెంచేవాళ్ళు ఏడాదిలో ఒకసారైనా ఇలాంటి పిల్లని చేతిలో పెట్టుకుని వస్తారు. వచ్చినవాళ్ళందరూ మొదట అనేది ఆ మాటే: కన్నవాళ్ళే పొడిచేశారు.

దెబ్బ తిన్న పిల్లకి ముందు కావలసింది వెచ్చదనం. ఎండాకాలంలో కూడా దాని ఒళ్ళు చల్లబడిపోతుంది. కాళ్ళు పట్టుకుంటే తెలుస్తుంది. వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి డబ్బాలో ఒక పక్కన పెట్టాను. ఇదివరకు అరవై వాట్ల బల్బు వేలాడదీసేవాళ్ళం, ఇప్పటి ఎల్‌ఈడీలకి ఆ వేడి లేదు. ఒళ్ళు వేడెక్కేదాకా మేతగానీ నీళ్ళుగానీ నోట్లో పెట్టకూడదు. చల్లబడ్డ ఒంట్లో మేత అరగదు, మెడ కింది సంచిలోనే పులిసిపోతుంది.

ఆ తర్వాత కాచి చల్లార్చిన అరలీటరు నీళ్ళలో చిన్న చెంచాడు ఉప్పు కలిపి, సిరంజితో సన్నటి ధారగా పోసి కడిగాను. దూది వాడను, పోగులు గాయానికి అంటుకుంటాయి. ఊడిన తోలు ఒక అంచున ఇంకా పట్టుకునే ఉంది, ముడుచుకుపోయి మెడ మీద ఎండుతోంది. దాన్ని కత్తిరించకూడదు. తడిపి, మెత్తబడ్డాక వేలితో మెల్లగా పైకి జరిపితే సగం పుండుని అదే కప్పింది. మొదటి రోజుల్లో నేనూ అలాంటి తోలుని కత్తెరతో తీసేసేవాణ్ణి. పశువుల డాక్టరుగారు ఒకసారి నా ఎదురుగానే ఆ తోలు సర్ది కుట్టి చూపించారు. అప్పటినుంచి మానేశాను. ఈ పిల్లకి కూడా మర్నాడు పొద్దున ఆయనే రెండు కుట్లు వేశారు. ఆ రాత్రికి మాత్రం పోవిడోన్ అయోడిన్ టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో పలుచన చేసి అద్ది, డబ్బా మీద దోమతెర కట్టాను. వేసవిలో పుండు మీద ఈగ వాలితే ఒక్కరోజులో పురుగు పడుతుంది. దెబ్బకి బతికి పురుగుకి పోయిన పిల్లల్ని నేను చూశాను. కొబ్బరినూనెలో పసుపు కలిపి దట్టంగా పట్టించి తెచ్చేవాళ్ళు ఎక్కువ. వాళ్ళు ప్రేమతోనే చేస్తారు. కానీ నూనె ఈకలకి పాకితే పిల్ల ఒంటి వేడి నిలుపుకోలేదు.

పిల్ల కుదుటపడ్డాక కుర్రాణ్ణి అడిగాను.

“పొడుస్తుంటే నువ్వు చూశావా?”

“లేదు బాబాయ్. బడి నుంచి వచ్చి చూసేసరికి కింద మూలన పడి ఉంది. గూట్లో వాళ్ళ నాన్న ఒక్కడే ఉన్నాడు.”

“ఎన్ని జతలున్నాయి?”

“మూడు. ఇంకో పోతు ఉంది. మా ఫ్రెండ్ ఊరెళ్తూ ఇచ్చాడు.”

జత లేని పోతు అనగానే నాకు సగం అర్థమైంది. అయినా వెళ్ళి చూడాలి. వినికిడి మీద పావురానికి తీర్పు చెప్పడం నేను మానేసి చాలాకాలమైంది.

1996లో నా డాబా మీద పన్నెండు గూళ్ళు ఉండేవి. ప్లైవుడ్ పెట్టెలు, పక్కపక్కన, అంతా ఒకే వరస. అందులో ఒక నల్ల షిరాజీ పోతు ఉండేది. దాని పిల్లలు రెండు ఈతలు వరసగా నెత్తి చీలి చచ్చిపోయాయి. ఇది రాక్షసి పుట్టుక, దీని నెత్తురులోనే ఉంది అనుకున్నాను. కొన్నదానిలో సగం ధరకి చీరాల నుంచి వచ్చిన ఒకాయనకి ఇచ్చేశాను. ఏడాది తర్వాత ఆయన బజార్లో కనబడి, “అన్నా, ఆ షిరాజీ పోతు లాంటి తండ్రి నా దగ్గర ఇంకోటి లేదు. నాలుగు ఈతలు తీసింది, ఒక్క పిల్లకి గీత పడలేదు” అన్నాడు. నేను రోడ్డు మీద అలాగే నిలబడిపోయాను. ఇంటికెళ్ళి ఆ పెట్టెల ముందు కూర్చున్నాను. ఆ రోజు, మర్నాడు, ఆ పై వారం. ఏ పని చేయకుండా కూర్చుని చూడటం నేను అప్పుడే మొదలుపెట్టాను. ఈ వృత్తి నాకు పట్టుబడింది కూడా అప్పుడే.

పావురం రెండు గుడ్లు పెడుతుంది. మొదటిది ఈ సాయంత్రం పెడితే రెండోది ఎల్లుండి మధ్యాహ్నం. పదిహేడు, పద్దెనిమిది రోజులు పొదుగుతాయి. పొద్దున తొమ్మిది, పది నుంచి సాయంత్రం దాకా పోతు కూర్చుంటుంది, మిగతా పొద్దంతా, రాత్రంతా పెట్ట. పిల్ల పుట్టాక తల్లీ తండ్రీ ఇద్దరూ పాలిస్తారు. మెడ కింది సంచి లోపలి పొర చిక్కబడి, పెరుగుతరకల్లా ఊడి వచ్చే పాలవి. పొదిగే రోజుల్లోనే ఒంట్లో ఊరే ప్రొలాక్టిన్ అనే హార్మోను వల్ల ఇది జరుగుతుంది. అమెరికాలో ఆస్కార్ రిడిల్ అనే శాస్త్రవేత్త 1930లలో ఆ హార్మోనుకి పేరు పెట్టింది పావురాల మెడసంచి మీద చేసిన పనితోనే. మనుషుల్లో తల్లికి పాలు పడేదీ దానివల్లేనని డాక్టరుగారు చెప్పినప్పుడు నేను నా గూళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాను. మనం రాక్షసుడని తిట్టే ఆ పోతు ఒంట్లో కూడా అదే ఊరుతుంది. మొదటి నాలుగైదు రోజులు పిల్లకి ఆ పాలు తప్ప ఇంకేమీ లేదు. ఆ పాలతో రెండో రోజుకే రెట్టింపు బరువవుతుంది. నాలుగు వారాలకి తల్లంత బరువు తూగుతుంది.

చిక్కు మొదలయ్యేది మూడో వారంలో. పిల్లలకి రెక్కలు ముదరకముందే పెట్ట మళ్ళీ గుడ్డుకి వస్తుంది. అప్పుడు పోతు దాని వెంటపడి, పక్కకి పోనివ్వకుండా గూటికి తరుముతుంది. ఎక్కడ ఆగితే అక్కడ పొడుస్తుంది. గూటికి చేరాక చూస్తే అక్కడ ఏముంది? తమంత ఒళ్ళున్న రెండు పిల్లలు గూడుగా పెట్టిన మట్టి మూకుడు నిండా కూర్చుని, కీచుకీచుమంటూ ముక్కులు పైకెత్తుతున్నాయి. కొత్త గుడ్డుకి చోటు లేదు. పోతు వాటిని రెక్కతో కొడుతుంది, మెడ ఈకలు పట్టి లాగుతుంది. పిల్ల తప్పుకుని బయటికి అడుగు వేస్తుంది. మూకుడు దాటిన పిల్లకి ఇక పూచీ ఎవరిదీ కాదు.

నేను కూర్చుని చూసిన ఆ రోజుల్లో ఇంకో సంగతి కూడా బోధపడింది. పావురానికి మొదటి రెండు వారాలు తెలిసేది చోటే, పిల్ల కాదు. ఆ గూట్లో, ఆ మూకుట్లో, ఆ వయసు పిల్ల ఏది పెట్టినా తనదే అనుకుని మేపుతుంది. హోమరు పిల్లని లక్కా కింద వేసినా, నల్లదాని కింద తెల్లది వేసినా మేపుతుంది. నేను ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. తన పిల్లే అయినా పక్కగూట్లోకి దూరిందంటే ఆ గూటివాళ్ళకి అది దొంగ. పిల్లకి ఆ తేడా తెలియదు. ఆకలేస్తే ఎదురైన పెద్ద పావురం ఏదైనా అమ్మే అనుకుంటుంది. దాని ముక్కు కింద తల దూర్చి అడుగుతుంది. పెద్దది నెత్తి మీద పొడుస్తుంది. పిల్ల పారిపోదు, తలదించి ఇంకా దగ్గరికి నక్కుతుంది. అందుకే దెబ్బలన్నీ నడినెత్తిన, మెడ వెనక పడతాయి. నా షిరాజీ పిల్లల్ని చంపింది పక్కగూటి జత. మధ్యలో అడ్డుగోడ రెండంగుళాలు పొట్టిగా కట్టింది నేను.

మా నాన్న పొగాకు బ్యారన్‌లో పనిచేసేవాడు. ఊళ్ళో మా ఇంటి చూరుకి పాతకుండలు అడ్డంగా వేలాడదీసి పావురాల్ని పెంచేవాడు. ఆయన దగ్గర నెత్తి చీలిన పిల్లని నేను ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు అదంతా ఆయన హస్తవాసి అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది కుండ గొప్పతనం. ఒక కుండకి ఒకే మూతి. రెక్క వచ్చేదాకా పిల్ల ఆ మూతి దాటలేదు, పక్కకుండలోకి నడిచి పోలేదు. లోపల చీకటి, మూతిలో గుర్రుమంటూ తండ్రి. కొండచరియల్లో, పాతబావి గోడల్లో ఈ జాతి గూడు పెట్టుకునేది కూడా అలాంటి తొర్రల్లోనే. మనం శుభ్రం చేయడానికి వీలుగా ఉంటాయని బల్లపరుపు అరలు కట్టాం. మన వీలు చూసుకున్నాం గానీ వాటి కాపురం చూడలేదు.

కుర్రాడి ఇంటికి ఆ సాయంత్రమే వెళ్ళాను. నేల మీద మూడు పెట్టెలు వరసగా ఉన్నాయి, వేటికీ ముందు అంచు లేదు. లక్కాల మూకుట్లో అప్పటికే ఒక కొత్త గుడ్డు ఉంది. రెండో పిల్ల గూటి మూలకి నక్కి కూర్చుంది. దాని వీపు మీద నాలుగైదు ఈకలు పీకి ఉన్నాయి, అంతే. అది తండ్రి పని. అటు చివర ఖాళీగా పడి ఉన్న కూరగాయల క్రేటుని జత లేని పోతు తనదిగా చేసుకుంది. దాని ముందు సిమెంటు మీద నెత్తుటి మచ్చలూ, పసుపు నూగూ ఉన్నాయి. తండ్రి గూట్లోంచి నెట్టాడు. క్రేటులో ఉన్నవాడు నెత్తి చీల్చాడు. కుర్రాడికి రెండు చోట్లా చూపించాను. వాడు చాలాసేపు తన లక్కా పోతు వైపే చూశాడు. తర్వాత వెళ్ళి దాని వీపు నిమిరాడు.

ఎవరు కొట్టారో గాయమే చెబుతుంది. నెత్తి, మెడ వెనక తోలు ఊడితే పరాయి పెద్ద పావురం. మూడో వారంలో వీపు మీద, తోక మొదట్లో కొత్త ఈకలు నెత్తురుతో పీకి ఉంటే కొత్త ఈతకి తొందరపడుతున్న తల్లిదండ్రులు. పుట్టిన రెండు మూడు రోజుల్లో పిల్ల చదునుగా, దెబ్బ లేకుండా చచ్చిపడి ఉంటే పొడవలేదు, తొక్కింది. తొలిచూలు పెట్ట అయినా అయి ఉంటుంది, రాత్రి ఏదో బెదరగొట్టి అయినా ఉంటుంది. కాలు కొరికి ఉన్నా, సన్నటి రెండు పళ్ళ గాట్లున్నా అది పావురం కానే కాదు. ఎలకని వెతకాలి.

కుర్రాడికి ఆ సాయంత్రం చేసిపెట్టిన పనులు పెద్దవేం కావు. జత లేని పోతుని నాతో తీసుకొచ్చాను. దానికి పెట్టని చూసి జత కట్టించేదాకా పిల్లలున్న గూళ్ళ దగ్గర ఉంచకూడదు. ప్రతి పెట్టెకీ ముందు నాలుగంగుళాల పట్టీ కొట్టాం. పెట్టె లోపల అటు చివర రెండో మట్టి మూకుడు పెట్టాం. ఇది అన్నిటికంటే ముఖ్యం. పిల్లలకి పద్నాలుగో రోజు రాగానే రెండో మూకుడు పెట్టి, అందులో నాలుగు వేపపుల్లలు, పొగాకు ఈనెలు వేస్తే పెట్ట కొత్తదాంట్లో గుడ్డు పెట్టుకుంటుంది, పిల్లలు పాతదాంట్లో ఉంటాయి. పొగాకు ఈనెలు మా నాన్న అలవాటు. వాటి ఘాటుకి పేలు, నల్లులు దగ్గరికి రావు. గూటి మూలన ఒక పెంకుని గోడకి ఏటవాలుగా ఆనించాం. పిల్ల దూరగలదు, పెద్దది రెక్క విప్పి కొట్టలేదు. తండ్రి కోపం ఎక్కువసేపు ఉండదు, కనబడకపోతే మరిచిపోతుంది. అరగంట దాక్కోగలిగితే చాలు, మళ్ళీ అదే తండ్రి వచ్చి ఆ పిల్లకే మేత పెడుతుంది.

అప్పటికీ తరుముడు ఆగకపోతే, నేను గూటి మధ్యలో జల్లెడ తలుపు దించి ఒక పక్క పెట్టనీ గుడ్లనీ, ఇంకో పక్క పోతునీ పిల్లల్నీ ఉంచుతాను. రోజూ కొంతసేపు తలుపు ఎత్తుతాను. చాలామంది పోతునే వేరుచేసి పెట్ట దగ్గర పిల్లల్ని వదులుతారు. మూడో వారంలో అది తప్పు. అప్పటికి పెట్ట మనసంతా కొత్త గుడ్డు మీదే. పెద్దపిల్లలకి మేత పెట్టేది ఎక్కువగా తండ్రే. తరిమేవాణ్ణే కాపలా పెట్టమంటే ఎవరూ నమ్మరు, కానీ తరమడానికి పెట్ట ఎదురుగా లేనప్పుడు అది మేపుతుంది. మేత కూడా చూసుకోవాలి. పొద్దున, సాయంత్రం జొన్న, సజ్జ, మొక్కజొన్న పోసి ఊరుకుంటే పిల్లలున్న జతకి చాలదు. శనగలో బఠానీలో కలపాలి, మధ్యాహ్నం ఇంకోసారి పోయాలి. ఇటుకపొడి, ఆల్చిప్పల పొడి, చిటికెడు ఉప్పు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఆకలితో ఉన్న తండ్రికి అడిగే పిల్ల భారమే.

ఇవన్నీ చేసినా లొంగని పావురం నాకు ఒక్కటి తగిలింది. 2011లో బూడిదరంగు హోమరు పెట్ట. పిల్ల గుడ్డు పగలగొట్టుకుని వస్తుండగానే దాన్ని పొడిచేది. తడి ఆరకముందే చంపేసేది. మొదటి ఈత తొలిచూలు కదా అనుకున్నాను. రెండో ఈతకి గూడు చీకటి మూలకి మార్చాను, మధ్యాహ్నప్పుడు ఎవర్నీ డాబా మీదికి రానివ్వలేదు. రాత్రి టార్చి వేసి చూస్తే పెట్టె చీలికల్లో ఎర్రనల్లులు. అవి చీకటి పడ్డాక వచ్చి నెత్తురు తాగుతాయి, పొదిగే పెట్టకి నిద్ర ఉండదు. పెట్టె కాల్చి సున్నం కొట్టాను. ఇదే కారణం, దొరికింది అని ఎంతో సంతోషించాను. మూడో ఈతలోనూ చంపింది. నాలుగోసారి గుడ్లు తీసి, అదే రోజుల్లో పెట్టిన ఇంకో జత కింద వేసి, దీని కింద కొయ్యగుడ్లు పెట్టాను. పద్దెనిమిది రోజులు బుద్ధిగా పొదిగింది. గాలివాన రాత్రి కూడా లేవలేదు. అక్కడ ఆ జత దీని పిల్లల్ని దివ్యంగా పెంచింది. ఆ పిల్లలు పెద్దయ్యి తమ పిల్లల్ని ఏమీ చేయలేదు. కాబట్టి నెత్తురులో ఉందనే మాట దాని విషయంలో కూడా అనను. ఆ పెట్ట చివరిదాకా నా దగ్గరే ఉంది. దాన్ని అమ్మలేదు, ఇంకెవరి చేతిలోనో పడి మెడ విరిగిపోతుందని తెలుసు. ప్రతి ఈతకీ కొయ్యగుడ్ల మీద అది అంత శ్రద్ధగా కూర్చుంటుంటే చూడటం నాకు కష్టంగానే ఉండేది.

కుర్రాడి పిల్లని నా దగ్గరే ఉంచుకున్నాను. మొదటి వారం చేత్తో మేపాను. నానబెట్టి మెత్తబడ్డ బఠానీలు గోరువెచ్చగా, ఒక్కొక్కటే నాలుక వెనక్కి జరిపి వదలాలి. పూటకి ఇరవై, పాతిక, రోజుకి మూడు పూటలు. మెడసంచి తడిమి చూస్తే సగం నీళ్ళు పోసిన బుడగలా ఉండాలి, అంతకు మించకూడదు. తెల్లారి అది ఖాళీ అయ్యాకే మళ్ళీ మేత. నీళ్ళు గొంతులో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు కొన గిన్నెలో ముంచితే చాలు. పావురం కోడిలా తలెత్తి మింగదు, తల దించి పీల్చేస్తుంది. మూడో రోజుకి అది పీల్చడం నేర్చుకుంది. కుర్రాడు రోజూ బడి నుంచి తిన్నగా మా డాబాకే వచ్చేవాడు. వారం తర్వాత మేత పెట్టే పని వాడికే అప్పగించాను. వాడి వేళ్ళు నావాటికంటే సన్నవి, పిల్లకి సుఖంగా ఉండేది.

పన్నెండో రోజుకి కుట్లు మానాయి. కప్పని చోట ఎర్రటి కొత్త కండ పెరిగి, అంచుల నుంచి తోలు పాకింది. నెల దాటాక అక్కడ ఈకల మొలకలు పొడిచాయి. అది గోధుమరంగు పిల్ల, కానీ మెడ వెనక మాత్రం ఈకలు తెల్లగా వచ్చాయి. దెబ్బ లోతుగా తగిలిన చోట రంగు తిరిగి రాదు. కుర్రాడు నిరాశపడతాడనుకున్నాను. వాడు దాన్ని వెలుగులోకి తిప్పి చూసుకుని, “బాబాయ్, ఇక ఎంత గుంపులో ఉన్నా నాకు కనబడుతుంది” అన్నాడు.

దసరా సెలవుల్లో మళ్ళీ వచ్చాడు. లక్కా జత ఇంకో రెండు పిల్లల్ని తీసిందట. జేబులోంచి చిన్న క్యాలెండరు కాగితం తీసి చూపించాడు. పిల్లలు పుట్టిన తేదీకి ఒక సున్నా, అక్కడి నుంచి లెక్కపెట్టి పద్నాలుగో రోజుకి ఇంకో సున్నా. ఆ రోజు మర్నాడే. మట్టి మూకుడు కుమ్మరి దగ్గర కొనుక్కొచ్చాడు. పొగాకు ఈనెలు దొరకలేదట. సంచిలోంచి ఒక కట్ట తీసి వాడి చేతిలో పెట్టాను.